నోరు కట్టుకోవడం

“మీరు ఎవరికీ తెలియకుండా తింటూ ఉంటారా?”

ముప్పై నాలుగో ప్రశ్న అది. పక్కన మూడు గళ్ళు: అవును, కాదు, అప్పుడప్పుడూ. 2025 జనవరి చివరి వారం, రాత్రి పదకొండున్నర. టెక్సస్‌లో ఇర్వింగ్‌లో మా ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందేసుకుని కూచున్నాను. అంతకుముందు ముప్పై మూడింటికీ టకటకా కొట్టేశాను. వయసు 53. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. బరువు 178 పౌండ్లు, మన లెక్కలో 81 కిలోలకి పిసరు తక్కువ. ఇంటావంటా థైరాయిడ్ కాన్సర్ లేదు. పాంక్రియాస్ వాపు ఎప్పుడూ రాలేదు. ఇక్కడికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

మూడు రోజుల కిందటే ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో, కారు హీటర్ వేసుకుని, అరకిలో మైసూర్‌పాక్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని తిన్నాను. మొదటి ముక్క రుచికి. రెండోది ఆకలికి. మూడో ముక్క నుంచి ఎందుకు తిన్నానో నాకు తెలీదు. సగం పెట్టె అయ్యాక చీరమీద పడ్డ పొడిని వేలికి అద్దుకుని నాకి, మిగతాది స్టోరు బయట చెత్తడబ్బాలో పారేసి, చూయింగ్ గమ్ నోట్లో వేసుకుని ఇంటికొచ్చాను. మా ఆయన తలుపు తీసి, “ఏం తెచ్చావు?” అంటే కొత్తిమీర కట్ట చూపించాను.

“అవును” మీద నొక్కాను. యాభై మూడేళ్ళలో ఆ మాట ఒప్పుకోవడం అదే మొదటిసారి. అదీ మనిషితో కాదు, ఒక ఫారంతో.

అసలు నేనీ ఆన్‌లైన్ వైద్యం జోలికి వెళ్ళడానికి కారణం మా ఇన్సూరెన్సు. అంతకుముందు నవంబరులో చేయించిన రక్తపరీక్షలో మూడు నెలల షుగర్ 6.1 వచ్చింది. 6.5కి చేరితే షుగర్ జబ్బు, 5.7 నుంచి 6.4 దాకా అయితే జబ్బు గుమ్మంలో ఉన్నట్టు. మా డాక్టరు మంచాయన. టిర్జెపటైడ్ అనే ఇంజక్షన్ రాశాడు. ఇన్సూరెన్సు వాళ్ళు కాదన్నారు. ఇక్కడో తమాషా చెప్పాలి. ఆ మందు ఒక్కటే, పేర్లు రెండు. షుగర్‌కి వాడితే మౌంజారో, దానికి 2022లో అనుమతి వచ్చింది. బరువుకి వాడితే జెప్‌బౌండ్, దానికి 2023 నవంబరులో వచ్చింది. నాకు షుగర్ ఇంకా రాలేదు కాబట్టి మొదటి పేరుతో ఇవ్వరు. మా ఆఫీసు పాలసీలో బరువు మందులే లేవు కాబట్టి రెండో పేరుతోనూ ఇవ్వరు. ఫోన్లో ఉన్న అమ్మాయి పాపం చాలా మర్యాదగా చెప్పింది. నాకు మాత్రం “జబ్బు పూర్తిగా వచ్చాక రండి, అప్పుడు చూద్దాం” అన్నట్టే వినిపించింది.

మా నాన్నకి జబ్బు పూర్తిగానే వచ్చింది. అందుకే నాకు ఆ 6.1 ఒట్టి అంకెలా కనిపించలేదు.

తెనాలిలో నాన్న తాలూకాఫీసు గుమస్తా. నాకు ఊహ తెలిసేసరికే ఇన్సులిన్ మీద ఉన్నాడు. పొద్దున్నే అమ్మ కిరసనాయిలు స్టవ్వు మీద చిన్న గిన్నెలో గాజు సిరంజీ, సూదీ వేసి మరిగించేది. కాఫీ నీళ్ళకన్నా ముందు ఆ నీళ్ళే మరిగేవి మా ఇంట్లో. ఫ్రిజ్ లేదు. ఇన్సులిన్ సీసాని కొబ్బరిపీచు చుట్టి, కొత్తకుండలో తడి ఇసకలో కూరి, వంటింటి మూల చీకట్లో పెట్టేవాళ్ళం. ఎండాకాలం ఆ ఇసక తడపడం నా డ్యూటీ. నాన్న పంచె తొడ పైకి లాక్కుని, వాడి వాడి మొండిబారిన సూదిని కళ్ళు మూసుకుని గుచ్చుకునేవాడు. గది నిండా స్పిరిట్ వాసన.

ఆ సూది ఒక ఎత్తు, నోరు ఒక ఎత్తు. “నోరు కట్టుకోవయ్యా” అని అనని మనిషి లేడు మా వీధిలో. డాక్టరు అనేవాడు, మా మేనత్త అనేది, పాలవాడు కూడా అనేవాడు. నేనూ అన్నాను, ఆ సంగతి తర్వాత.

నాకు పెళ్ళయ్యాక అదే మాట నా మీదికి తిరిగింది. 1998లో అమెరికా వచ్చాను. తెనాలి వెళ్ళిన ప్రతిసారీ గుమ్మంలోనే, “ఒళ్ళు చేశావే!” అనే పలకరింపు. దాని వెనకే “నోరు కట్టుకోవే అమ్మాయ్” అని సలహా. ఆ సలహా చెప్పే చేత్తోనే రెండో గరిటె నెయ్యి. నేను ప్రయత్నించలేదని కాదు. అన్నం మానేశాను. రాత్రిళ్ళు జొన్నరొట్టె తిన్నాను. తెలుగునాట అందరూ కొబ్బరినూనె తాగుతున్న రోజుల్లో నేనూ తాగాను, ఇక్కడ డాలస్‌లో కూచుని. పన్నెండు కిలోలు తగ్గి పదిహేను పెరిగాను. ఇలాంటి లెక్కలు మీలోనూ చాలామంది దగ్గర ఉండే ఉంటాయి.

సరే, డబ్బు మనమే పెట్టుకుందామనుకున్నాక ఫోన్లో వెతకడం మొదలెట్టాను. వెతికిన గంటలోనే నా ఫోను నిండా సన్నబడ్డ ఆడవాళ్ళు. మొదట దొరికిన సర్వీసులో చేరాను. ఆ పేరు ఇక్కడ అనవసరం. పది ప్రశ్నలు అడిగారు. ఆరో ప్రశ్న దగ్గరే కార్డు నంబరు అడిగారు. ఎంత తగ్గాలనుకుంటున్నారని అడిగారే గానీ ఏం జబ్బులున్నాయని గట్టిగా అడగలేదు. పదకొండో నిమిషంలో “శుభాకాంక్షలు, మీకు మందు మంజూరైంది” అని మెయిలు. ఏ డాక్టరు మంజూరు చేశాడో, అతను నా మొహం చూశాడో లేదో తెలీదు. నాకు ఆ శుభాకాంక్షలు చూసి భయమేసింది. లోన్ మంజూరైనట్టు మందు మంజూరవడం ఏమిటి?

పైగా వాళ్ళు పంపేది కంపెనీ మందు కాదు. ఫార్మసీలో కలిపి తయారుచేసిన నకలు. మందు కరువున్నన్నాళ్ళూ అలా తయారుచేసుకోడానికి ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది. కానీ 2024 డిసెంబరులోనే ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ టిర్జెపటైడ్ కరువు తీరిపోయిందని తేల్చి, ఆ ఫార్మసీలకి ఆపెయ్యడానికి గడువు పెట్టింది. అంతకుముందు జూలైలో ఇంకో హెచ్చరిక కూడా చేసింది. సెమాగ్లుటైడ్ అనే ఇలాంటి మందే సీసాల్లో ఇస్తే, యూనిట్లకీ మిల్లీలీటర్లకీ మిల్లీగ్రాములకీ తేడా తెలీక కొందరు ఐదు నుంచి ఇరవై రెట్లు ఎక్కువ ఎక్కించుకున్నారట, ఆస్పత్రుల పాలయ్యారట. అది చదివి నేను ఆశ్చర్యపోలేదు. ఇండియాలో ఇన్సులిన్ సీసా మీద 40 అని ఉంటుంది, అమెరికాలో 100 అని. మిల్లీలీటరుకి అన్ని యూనిట్లన్నమాట. నలభై సీసాకి నలభై సిరంజే వాడాలి. అది మారితే మనిషి పోతాడని మా అమ్మ నాకు ఎక్కాలతో పాటే నేర్పింది. ఆ సర్వీసు రద్దు చేసుకున్నాను. డబ్బు వెనక్కి రాబట్టడానికి మూడు వారాలూ, పదకొండు మెయిళ్ళూ పట్టాయి. మంజూరు మాత్రం పదకొండు నిమిషాల్లోనే.

రెండో సర్వీసు నెమ్మదైనది. నెమ్మదే నాకు నచ్చింది. నలభై పైచిలుకు ప్రశ్నలు, అందులోదే ఆ ముప్పై నాలుగోది. డ్రైవింగ్ లైసెన్సు ఫొటో. మా ఇంటి దగ్గర లాబ్‌లో మళ్ళీ రక్తం ఇచ్చి రమ్మన్నారు: కిడ్నీ, లివర్, థైరాయిడ్, కొవ్వు, షుగర్. అవన్నీ వచ్చాకే వీడియో కాల్.

కాల్ మధ్యాహ్నం పన్నెండుంబావుకి. నేను స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో జీతాల లెక్కలు చూస్తాను. నా గదికి తలుపు లేదు. అందుకని పార్కింగ్‌లో కారెక్కి, స్టీరింగ్‌కి ఫోన్ ఆనించి కూచున్నాను. కాల్ కలిసేలోపు సీటు సందులో ఏదో పసుప్పచ్చగా కనిపిస్తే గోటితో తీశాను. మైసూర్‌పాక్ పొడి. అదే కారు మరి.

తెరమీద నర్స్ ప్రాక్టీషనర్ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో, వెనక గోడకి పిల్లలు వేసిన రంగుల బొమ్మ. ఇక్కడ డాక్టరు పర్యవేక్షణలో వీళ్ళు కూడా మందు రాయొచ్చు. మొదటి ప్రశ్న నా ఒంటి గురించి కాదు. “మీరు ఇప్పుడు టెక్సస్‌లోనే ఉన్నారా?” అని. రోగి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు లైసెన్సు ఉండాలట. ఆ తర్వాత ఒక్కో కాగితం తిరగేసి, “ముప్పై నాలుగుకి అవును అన్నారు” అంది.

నేను అద్దంలోంచి బయటికి చూశాను.

“చాలామంది కాదు అంటారు. నెలకి ఎన్నిసార్లు?”

చెప్పాను. తిన్నాక వాంతి చేసుకుంటారా అని అడిగింది. లేదన్నాను. తిన్నాక ఏమనిపిస్తుంది అంది. సిగ్గుగా ఉంటుందన్నాను. ఇంగ్లీషులో ఆ మాట అనడం తేలికైంది. తెలుగులో అయితే అనేదాన్ని కాదేమో. ఆవిడ ఏదో రాసుకుంది. “ఇది ఉందని మందు ఆపను. కానీ నెలనెలా అడుగుతుంటాను. మందు మిమ్మల్ని మంచి అమ్మాయిని చెయ్యదు. ఆకలి గొంతు తగ్గిస్తుందంతే” అంది. అనేసి, ఏమీ అననట్టే కిందటి ఆపరేషన్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

పద్ధెనిమిది నిమిషాలు మాట్లాడింది. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో థైరాయిడ్ గడ్డలు కనిపించాయి కాబట్టి మెడలో ఉబ్బు గానీ, మింగడం కష్టం గానీ అనిపిస్తే వెంటనే చెప్పాలి. పొట్టలో నొప్పి లేచి వీపుదాకా పాకితే ఎమర్జెన్సీకి పోవాలి, తనకి మెసేజ్ పెట్టి కూచోకూడదు. ఏదైనా ఆపరేషన్ ఉంటే మత్తు ఇచ్చే డాక్టరుకి ఈ మందు సంగతి ముందే చెప్పాలి, పొట్ట మెల్లగా ఖాళీ అవుతుంది గనక. వారానికోసారి, మొదటి నాలుగు వారాలూ రెండున్నర మిల్లీగ్రాములు. అది ఒంటికి అలవాటు చెయ్యడానికే. తర్వాత ఐదు. “రోజూ ప్రొటీన్ ఏం తింటారు?” అంది. పప్పు అన్నాను గర్వంగా. ఎంత పప్పు అంది. గరిటె చూపించాను చేత్తో. ఆవిడ మొహం చూస్తే తెలిసింది, మన పప్పన్నంలో పప్పు పేరుకి మాత్రమేనని. గుడ్లు, పెరుగు, చేపలు అని చెప్పి, “మీ వంటల్లో ఇంకేమున్నాయి?” అంది. పెసరట్టు గురించి చెప్పాను. పొట్టు పెసలు నానబెట్టి రుబ్బి, అల్లం పచ్చిమిర్చి వేసి... ఇలా చెబుతుంటే నా నోరూరింది. ఆవిడకి అది కూడా తెలిసిపోయిందనుకుంటాను, నవ్వింది.

ఈ మందుల వంశం గురించి మా అమ్మాయి చెప్పింది, తను మిషిగన్‌లో బయాలజీ చదువుతోంది. అమెరికా నైరుతి ఎడారుల్లో గీలా మాన్‌స్టర్ అని ఒక విషపు బల్లి ఉందట. బ్రాంక్స్‌లో మాజీ సైనికుల ఆస్పత్రిలో పనిచేసే జాన్ ఎంగ్ అనే డాక్టరు దాని విషంలో ఒక పదార్థం పట్టుకున్నాడు. మన పేగుల్లో అన్నం పడగానే ఊరే ఒక హార్మోనుకి అది దగ్గరి చుట్టం. కాకపోతే మనది నిమిషాల్లో కరిగిపోతుంది, అది గంటలు నిలుస్తుంది. దాన్నుంచే 2005లో ఎక్సెనటైడ్ అనే షుగర్ మందు వచ్చింది. నేను వేసుకునేది బల్లిది కాదు, కానీ అదే దారిలో పుట్టింది, రెండు పేగు హార్మోన్ల పని చేస్తుంది. ఆ బల్లి కరిస్తే వదలదటమ్మా అంది మా అమ్మాయి. ఉడుంపట్టన్నమాట అన్నాను. అలాంటి పట్టు నా ఆకలికి ఉందని నాకప్పటికే తెలుసు.

మందు సీసాలు నాలుగు, తయారుచేసిన కంపెనీ నేరుగా అమ్మే ఫార్మసీ నుంచి. అప్పట్లో ఇంజక్షన్ పెన్ను కన్నా సీసా చవక. నెలకి 399 డాలర్లు కట్టాను. సర్వీసు వాళ్ళ నెలసరి రుసుము వేరే. ఫిబ్రవరి నడిమధ్య ఒక బుధవారం పొద్దున పదకొండింటికి పెట్టె గుమ్మంలో పెట్టి ఫొటో తీసి పంపారు. నేను ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఆరు. ఆ రోజు డాలస్ గజగజా వణికిపోతోంది, వాకిట్లో కుక్క నీళ్ళగిన్నె గడ్డకట్టింది. మందు వేడికి తట్టుకుంటుంది. ముప్పై డిగ్రీల లోపైతే ఫ్రిజ్ బయట ఇరవై ఒక్క రోజులుండొచ్చు. గడ్డకడితే మాత్రం పారెయ్యాల్సిందే, కరిగినా పనికిరాదు. సీసాలు దీపానికి ఎత్తి చూశాను. నీళ్ళలాగే ఉంది. గడ్డకట్టి కరిగినా నీళ్ళలాగే ఉంటుంది కదా!

సర్వీసు వాళ్ళకి మెసేజ్ పెట్టాను. “మీ సందేశం మాకు ముఖ్యం” అని వెంటనే జవాబు. ఆ ముఖ్యం ఒకటిన్నర రోజు నడిచింది. ఈలోగా నేనే ఫార్మసీకి ఫోన్ చేస్తే, అవతల ఫార్మసిస్టు ఓపిగ్గా అన్నీ విని, “అనుమానం ఉన్న మందు ఒంట్లోకి ఎందుకు, ఇంకో పెట్టె పంపుతాం” అన్నాడు. తెనాలి ఎండల్లో చల్లగా ఉంచడానికి తడి ఇసక కుండ. ఇక్కడ చలికి చెడిపోయిందేమోనని బెంగ. ఆ నాలుగు సీసాలూ పారెయ్యడానికి చేతులు రాలేదు. 399 డాలర్లంటే నాన్న ఎన్నేళ్ళ జీతం అని లెక్క వెయ్యబోయి మానేశాను. రెండో పెట్టె వచ్చేలోపు కంపెనీ అదే మందు ధర 349కి దించింది. మనం కొన్నాకే కదా ఏదైనా తగ్గేది.

మొదటి సూది మార్చి 1, శనివారం రాత్రి.

సిరంజిలు మందుల షాపులో విడిగా కొన్నాను. సీసాలో ఉన్నది అర మిల్లీలీటరు మోతాదు. వంద గీతల సిరంజిలో యాభయ్యో గీత దాకా. మా ఆయన ఫోను టార్చి పట్టుకుంటానని వచ్చి, సూది మూత తియ్యగానే “నావల్ల కాదు” అని హాల్లోకి పోయాడు. సీసా మూత మీద స్పిరిట్ దూది రుద్దాను. ఆ వాసనతో మా తెనాలి వంటిల్లు వచ్చేసింది. గాజు సిరంజి గిన్నెలో టకటకా కొట్టుకుంటూ మరిగే చప్పుడు కూడా. సీసా తలకిందులు చేసి, గాలి బుడగ పైకి పోయేదాకా వేలితో సిరంజిని తట్టాను. ఆ తట్టడం ఎవరూ నేర్పలేదు. నాన్న తట్టడం చూసిందే. బొడ్డు పక్కన రెండంగుళాలు వదిలి చర్మం పట్టుకుని గుచ్చాను. నొప్పి లేదు. జుట్టంత సన్నం సూది. నాన్న సూది ఎంత లావుండేదో అప్పుడే నాకు గట్టిగా తెలిసింది.

ఆదివారం ఏమీ లేదు. సోమవారం సాయంత్రం ఆఫీసునుంచి వస్తూ ఇండియన్ స్టోర్ ముందునుంచే వచ్చాను. ఇంటికొచ్చాక, బట్టలు మార్చుకుంటుంటే తట్టింది, స్టోరు కనిపించిందే గానీ అది నన్ను పిలవలేదని.

దీన్ని ఎలా చెప్పాలి? మా ఊళ్ళో పెళ్ళింటి మీద మైకు కట్టేవాళ్ళు. తెల్లారుజామున నాలుగింటికి మొదలెడితే మర్నాడు దాకా వీధి వీధంతా పాటలు. ఆ హోరులోనే మనం మాట్లాడుకుంటాం, పడుకుంటాం, చదువుకుంటాం. కాసేపటికి అది ఉందనే మర్చిపోతాం. మర్నాడు కరెంటు పోయి ఠక్కున ఆగుతుంది. అప్పుడు వినపడతాయి పక్కింటి గిలక చప్పుడూ, ఎవరో దగ్గడమూ. నా తలలో అలాంటి మైకు ఒకటి చిన్నప్పటి నుంచీ మోగుతోందని అది ఆగేదాకా నాకు తెలీదు. డబ్బాలో ఇంకా రెండు జంతికలున్నాయి, మీటింగులో కేకు మిగిలింది, రాత్రికి ఏంటి, అదయ్యాక ఏంటి... ఇదే పాట. అందరికీ ఇలాగే మోగుతుంది కాబోలు, వాళ్ళు నోరు కట్టుకుంటున్నారు, నేను కట్టుకోలేకపోతున్నాను అనుకున్నాను ఇన్నేళ్ళూ. కొందరింట్లో అసలు మైకే లేదని ఎవరు చెప్పారు నాకు?

మంచం అంచున కూచుని ఏడ్చాను. సంతోషానికి కాదు. కచ్చితంగా కాదు.

తక్కినవన్నీ అందరూ చెప్పేవే. మూడో రోజు నుంచి కుళ్ళుగుడ్డు తేన్పులు. తాలింపు వాసన పడకపోవడం. మలబద్ధకం ఎంతలా అంటే దాని గురించి మా ఆయనతో కూడా మాట్లాడాల్సి వచ్చింది. రెండో వారం ఒక పెళ్ళి విందులో వడ్డించేవాళ్ళు తెలిసినవాళ్ళని, మొహమాటానికి మూడు గారెలు తిని హాలు బాత్రూంలో కక్కుకున్నాను. నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు. బరువు త్వరగా తగ్గితే అలా రాలి మళ్ళీ వస్తుందట. వస్తోంది కూడా. రెండో నెల కాల్ టైముకి మిషిగన్‌లో మా అమ్మాయి దగ్గరున్నాను. ఏ రాష్ట్రంలో ఉన్నారు అంటే నిజం చెప్పాను. “అయితే ఇవాళ మీతో మాట్లాడలేను, ఇంటికెళ్ళాక కలుద్దాం” అని ఆవిడ చెయ్యూపి తెర మూసేసింది. మొదటి సర్వీసు వాళ్ళయితే చంద్రమండలం మీదున్నా మంజూరు చేసేవాళ్ళు.

జనం అడగడం మొదలెట్టారు. ఇన్నాళ్ళూ ఒళ్ళు చేశావన్నవాళ్ళే ఇప్పుడు “ఏంటి ఒదినా, చిక్కిపోయావు, ఒంట్లో బాగానే ఉందా?” అని. వాకింగ్ అనేదాన్ని. మొదటి రెండు నెలలూ వాకింగ్, వాకింగ్ అని ఎంతమందికి చెప్పానో. ఏప్రిల్లో ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం. వంటింట్లో ప్రసాదం పొట్లాలు కడుతుంటే పక్కనున్న గుంటూరావిడ చిన్న గిన్నెలో చెంచాడు ప్రసాదం పెట్టుకుని, సగం తిని, మిగతాది ఏం చెయ్యాలో తెలీక అటూ ఇటూ చూసింది. ప్రసాదం పారెయ్యకూడదు కదా. నా గిన్నెలోనూ సగమే ఖాళీ అయింది. ఇద్దరం ఒకళ్ళ గిన్నె ఒకళ్ళం చూసుకున్నాం. “ఏ రోజు వేసుకుంటారు?” అంది మెల్లిగా. శనివారం అన్నాను. “నాది గురువారం” అంది. ఆ పూట ఆ ఇంట్లో ఇంకా ఎంతమంది వాకింగ్ చేస్తున్నారో లెక్కపెట్టుకుని నవ్వుకున్నాం.

మా ఆయనకి మాత్రం ఒక బెంగ ఉంది. ఎన్నాళ్ళు వేసుకుంటావు అంటాడు. ఆపితే పోయిన బరువులో చాలా భాగం తిరిగొస్తుందని పరీక్షల్లో తేలింది. నర్సు అదేమీ దాచలేదు. బీపీ మాత్ర ఎన్నాళ్ళు వేసుకుంటారో అలాగే అనుకోండి అంది. నెలకి ఇంత డబ్బు ఎప్పటిదాకా పెట్టగలమో మేం ఇంకా తేల్చుకోలేదు.

మే నెలలో నాన్న తిథి. తమ్ముడు తెనాలిలో పెడతాడు, నేను వీడియోలో చూస్తాను. అది వాళ్ళకి పొద్దున, నాకు ముందురోజు రాత్రి. విస్తట్లో నాన్నకిష్టమైనవన్నీ వడ్డించి, చివర్న అమ్మ తొక్కుడు లడ్డు పెట్టింది. రెండు. అందరూ భోజనాలకి లేచాక అమ్మ ఫోను తీసుకుని పెరట్లోకి వచ్చింది. డెబ్భై తొమ్మిదేళ్ళావిడ, వీడియో కాల్‌లో ఎప్పుడూ నుదురే కనిపిస్తుంది.

నేను అన్న మాట సంగతి తర్వాత అన్నాను కదా. 1984, నాకు పన్నెండేళ్ళు. నాన్న బీరువాలో, పంచెల దొంతర వెనక, కాగితంలో చుట్టిన తొక్కుడు లడ్లు దొరికాయి నాకు. ఆ రోజు మేనత్తావాళ్ళు, మామయ్యావాళ్ళు అందరూ ఉన్నారు. హాల్లోకి పరిగెత్తుకెళ్ళి పొట్లం విప్పి చూపించాను. “చూడండి, నాన్న దొంగతనంగా తింటున్నాడు. నోరు కట్టుకోలేడు” అన్నాను, పెద్దవాళ్ళ మాట పెద్దవాళ్ళలాగే. అందరూ నాన్న మీద పడ్డారు. అమ్మ కూడా, అందరికన్నా గట్టిగా. నాన్న ఏమీ అనలేదు. లేచి చెప్పులేసుకుని బజారుకి పోయాడు. తర్వాత పన్నెండేళ్ళు బతికాడు, ముందు వేలు తీశారు, తర్వాత పాదం తీశారు. ఆ రోజు సంగతి నాతో ఎప్పుడూ ఎత్తలేదు.

“అమ్మా, ఆ బీరువా లడ్లు గుర్తున్నాయా?” అన్నాను.

“గుర్తులేకేం.”

“నేను అలా చెయ్యకుండా ఉండాల్సింది. ఆయన ఎంత దాచుకుని తినేవాడో...”

“దాచింది ఆయన కాదే, నేను,” అంది అమ్మ. “వారానికి రెండు. ఆదివారం ఒకటి, గురువారం ఒకటి. ఆ రెండూ దొరికితే బజార్లో తినకుండా ఉండేవాడు. డాక్టరుగారికి కూడా తెలుసు. నువ్వు అందరి ముందూ పట్టుకొచ్చి పెడితివి. మరి అప్పుడు నేను తిట్టకపోతే ఎలా?”

నేనేమీ అనలేదు. తెరమీద అమ్మ నుదురు, వెనక కొబ్బరిచెట్టు.

“ఆ తర్వాత ఎక్కడ పెట్టేదానివి?”

“బియ్యం డబ్బాలో. నువ్వు ఎప్పుడూ బియ్యం తీసేదానివి కాదుగా,” అని, “ఇంతకీ ఇవాళ శనివారం కదే మీకు, సూది వేసుకున్నావా?” అంది.

లేదన్నాను. లేచి ఫ్రిజ్ తలుపు తీశాను.